పాత స్టార్ ట్రెక్ చూద్దామనుకునేవాళ్లకు: 79లో 22 ఎపిసోడ్లు, ఈ వరుసలో

1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్‌బీసీ చానెల్లో మొదలై 1969 జూన్ 3న ఆగిపోయిన మొట్టమొదటి స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష ప్రయాణ కథల సిరీస్‌లో 79 ఎపిసోడ్లున్నాయి. మొదటి సీజన్లో 29, రెండో దాంట్లో 26, మూడో దాంట్లో 24. ఒక్కోటి దాదాపు 50 నిమిషాలు. అన్నీ చూడాలంటే 65 గంటల పైమాటే. 1980ల్లో దూరదర్శన్‌లో వచ్చినప్పుడు అక్కడక్కడా చూసినవాళ్లూ, కొత్త సినిమాలు చూశాక అసలు కథ ఎక్కడ మొదలైందో చూద్దామనుకునేవాళ్లూ ఎక్కువగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా పెట్టుకుని నాలుగోదో ఐదోదో చూసేసరికి విసుగొచ్చి వదిలేస్తారు. ఇంకొందరు ఏదో టాప్ టెన్ జాబితా పట్టుకుని, అందులో మొదట కనిపించే 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'తోనే మొదలుపెట్టి, "బాగానే ఉంది గానీ, ఇంత పేరు దేనికి?" అనుకుంటారు.

రెండో దారిలోనే నష్టం ఎక్కువ. ఈ సిరీస్‌లో వారం వారం సాగే కథ లేదు, ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడే. సాగేదల్లా ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడలో పనిచేసే ముగ్గురు మనుషుల మధ్య ఉన్న బంధం. వల్కన్ గ్రహానికి చెందిన అధికారి స్పాక్ లెక్క చెబుతాడు. డాక్టర్ మెక్‌కాయ్ ప్రాణాల సంగతేమిటని అరుస్తాడు. ఇద్దరి మాటా విని నిర్ణయం తీసుకోవాల్సింది కెప్టెన్ కర్క్. మంచి ఎపిసోడ్లన్నీ ఈ ముగ్గురి మీదే నిలబడ్డాయి. వాళ్లు మనకి అలవాటు కాకముందే గొప్ప ఎపిసోడ్ చూసేస్తే దాని బలం సగం కూడా తెలియదు. అందుకే కింద చెప్పే వరుస మార్కుల ప్రకారం వేసింది కాదు, ఆ ముగ్గురూ దగ్గరయ్యే క్రమం. 22 ఎపిసోడ్లు, సుమారు 18 గంటలు. వారానికి రెండు చొప్పున చూస్తే 11 వారాలు.

ముందు టీవీ సంగతి

ఎపిసోడ్‌ని ఎప్పుడూ పేరుతోనే వెతకండి, నంబరుతో వద్దు. 1964 చివర్లో తీసిన 'ది కేజ్' అనే పైలట్ (చానెల్‌కి చూపించడానికి నమూనాగా తీసే ఎపిసోడ్) ఒకటుంది, ఎన్‌బీసీ దాన్ని ఒప్పుకోలేదు. కొన్నిచోట్ల దాన్ని మొదటి సీజన్ మొదట్లో పెడతారు, కొన్ని డిస్క్ సెట్లలో మూడో సీజన్ చివర ఉంటుంది. అది ముందుంటే మిగతా నంబర్లన్నీ ఒకటి జరిగిపోతాయి. పైగా తీసిన వరుస వేరు, ప్రసారమైన వరుస వేరు. కర్క్ చెప్పే 'స్టార్‌డేట్' అంకెల ప్రకారం పేర్చుకుందామన్నా కుదరదు, అవి ఏ వరుసకీ లొంగవు.

సిరీస్ ఇప్పుడు రెండు రూపాల్లో దొరుకుతోంది. 2006 నుంచి మొదలుపెట్టి ఫిల్మ్‌ని శుభ్రం చేసి, అంతరిక్ష దృశ్యాలను కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మళ్లీ చేశారు. స్ట్రీమింగ్‌లో ఎక్కువగా ఉండేది ఈ కొత్త రూపమే. బ్లూ-రే డిస్కుల్లో మాత్రం పాత ఎఫెక్ట్స్ కావాలా, కొత్తవి కావాలా అన్నది మెనూలో ఎంచుకోవచ్చు. మీ దగ్గరున్నది ఏదో తెలియాలంటే టైటిల్స్‌లో ఓడ వచ్చే షాట్ చూడండి. ఓడ అంచుల దగ్గర గీత కనిపిస్తూ, చుట్టూ ఆకాశం గరుకుగా ఉంటే అది పాతది. గ్రహం మీద మబ్బులు కూడా స్పష్టంగా ఉండి, అంతా నున్నగా ఉంటే కొత్తది. డిస్క్ ఉన్నవాళ్లు మొదటిసారికి పాతదే ఎంచుకోండి. లోపలి సెట్లు, దీపాల రంగులు, రబ్బరు రాళ్లు అన్నీ 1960ల నాటివే కాబట్టి, బయట చూపించే బొమ్మ ఓడ కూడా వాటితో కలిసిపోతుంది. కొత్త గ్రాఫిక్స్ షాట్ మధ్యలో వచ్చినప్పుడల్లా కంటికి గుచ్చుకుంటుంది. 'ది డూమ్స్‌డే మెషీన్' ఒక్కదానికి మాత్రం కొత్త రూపం నిజంగా మేలు చేసింది.

బొమ్మ 4:3 కొలతలో ఉంటుంది. ఇప్పటి వెడల్పు టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. పట్టీలు లేవంటే టీవీ బొమ్మని సాగదీస్తోందన్నమాట, లేదా జూమ్ చేసి పైనా కిందా కోసేస్తోంది. క్లోజప్‌లో స్పాక్ నుదురు, జుట్టు కనిపించకపోతే జూమ్ ఆన్‌లో ఉన్నట్టే. పిక్చర్ సైజును 'ఒరిజినల్' అనో '4:3' అనో మార్చండి. ఇంకోటి, సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్ మీద తీసిన దీన్ని టీవీలోని మోషన్ స్మూతింగ్ (మధ్యలో కొత్త ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేసే సెట్టింగ్) పాడుచేస్తుంది. సెట్లు అట్టముక్కల్లా, నటన నాటకంలా కనిపిస్తాయి. కంపెనీని బట్టి ఈ సెట్టింగ్‌కి ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ అని రకరకాల పేర్లు. ఏ పేరుతో ఉన్నా ఆఫ్ చేయండి. ఈ సిరీస్ చవకగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లలో కొందరి టీవీల్లో ఇది ఆన్‌లోనే ఉంటుంది.

ఆటోప్లే కూడా ఆపేయండి. ఎపిసోడ్ చివర పది సెకన్ల నిశ్శబ్దం కథలో భాగమైన చోట్లున్నాయి, తర్వాతి ఎపిసోడ్ వచ్చి మీద పడితే అది పోతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇంజినీర్ స్కాటీ యాస, గ్రహాల పేర్లు, కల్పిత యంత్రాల పేర్లు ఒక్కసారి వింటే అందవు. ఎపిసోడ్ కింద రాసే రెండు లైన్ల పరిచయం మాత్రం చదవొద్దు. నలభయ్యో నిమిషంలో బయటపడే విషయం కూడా కొన్నిసార్లు అక్కడే రాసేస్తారు.

మొదటి రెండు వారాలు

'ది కార్బొమైట్ మనూవర్'తో మొదలుపెట్టండి. ప్రసారంలో ఇది పదోది, 1966 నవంబరు 10న వచ్చింది. కానీ రెండు పైలట్ల తర్వాత మామూలు ఎపిసోడ్‌గా మొట్టమొదట తీసింది ఇదే. ఎఫెక్ట్స్ పని ఎక్కువ కావడంతో ఆలస్యమైంది, చానెల్ వాళ్లు వింత జీవి ఉన్న 'ది మ్యాన్ ట్రాప్'ని ముందు వేశారు. వరసగా చూసేవాళ్లు మొదట్లోనే నీరసపడటానికి ఇదొక కారణం.

మొదట్లో వచ్చే ఒక సీన్ చూడండి. కర్క్ చొక్కా లేకుండా వైద్య పరీక్షలో ఉంటాడు, కాళ్లతో పెడల్స్ తోస్తూ చెమటలు కక్కుతుంటాడు. గోడ మీద ప్రమాద సూచనగా లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. మెక్‌కాయ్ దాన్ని చూస్తాడు, చూసి కూడా చెప్పడు. చెబితే పేషెంటు లేచి పోతాడు, పరీక్ష మళ్లీ సగంలో ఆగుతుంది. తర్వాత కర్క్ మండిపడితే డాక్టరు తొణకడు. ఈ ఓడలో లైటు వెలిగినప్పుడల్లా ఎగిరిపడితే తనలో తాను మాట్లాడుకునే స్థితికి వస్తానంటాడు. కాసేపటికి అదే డాక్టరు రాసిచ్చిన ఆకుల సలాడ్ కెప్టెన్ ముందుకొస్తుంది, అతను ముఖం మాడ్చుకుంటాడు. ఓడకి చావు గంటలు లెక్కపెడుతున్న సమయంలో రాండ్ అనే ఉద్యోగిని వేడి కాఫీ తెస్తుంది. కరెంటు లేదుగా, ఎలా కాచావంటే ఫేజర్ తుపాకీతో అంటుంది. ఈ మనుషులు అక్కడ నిజంగా కాపురముంటున్నారని నమ్మించే చిన్న పనులివి. ఇంకో లాభమూ ఉంది. ఇందులో కనిపించే ఒక భయంకరమైన ముఖం ఆ తర్వాత చాలా ఎపిసోడ్ల చివరి టైటిల్స్‌లో వస్తుంది. దీన్నే ముందు చూస్తే ఆ గుట్టు టైటిల్స్‌లో బయటపడదు.

రెండోది 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్'. 79లో ఒక్కటే చూసే తీరిక ఉందన్నా ఇదే చూడమంటాం. ఓడలోని చిన్న ప్రార్థన మందిరంలో పెళ్లి జరుగుతుంటుంది, కెప్టెనే పెళ్లి చేయించాలి. మాట సగంలో ఉండగా సైరన్ మోగుతుంది. అక్కణ్నుంచి ఇది సముద్రంలో జలాంతర్గామికీ యుద్ధనౌకకీ జరిగే వేట లాంటిదే. శత్రువు ఓడ కంటికి కనిపించదు. శబ్దం చేస్తే దొరికిపోతామన్నట్టు అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. మొదటిసారి తెర మీద శత్రు జాతి రోములన్ల ముఖం కనిపించినప్పుడు అది అచ్చం స్పాక్ ముఖంలా ఉంటుంది. ఆ క్షణం బ్రిడ్జి (ఓడను నడిపించే గది) మీద ఉన్న స్టైల్స్ అనే అధికారి వైపు చూడండి. ఇంకో అరగంట కథని అతని అనుమానం నడుపుతుంది. రోములన్ కమాండర్‌గా చేసింది మార్క్ లెనార్డ్. ఈ ముఖం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. దీన్ని ఆపి ఆపి చూడొద్దు, యాభై నిమిషాలూ ఒకే బిగిలో చూడాలి.

తర్వాత 'ది నేకెడ్ టైమ్'. ఒక అంటువ్యాధి సోకి ఓడలో అందరికీ అదుపు తప్పుతుంది. ఓడ నడిపే సులు చొక్కా విప్పేసి కత్తి పట్టుకుని కారిడార్లలో తిరుగుతాడు. నవ్వుకోవడానికి బావుంటుంది గానీ, దీన్ని ఇక్కడ పెట్టింది స్పాక్ ఒంటరిగా గది తలుపు మూసుకునే సీన్ కోసం. 'ది గెలీలియో సెవెన్' కూడా అతనిదే. మొదటిసారి అధికారం చేతికొస్తుంది, లెక్కలన్నీ సరిగ్గానే వేస్తాడు, అయినా ప్రతి అడుగూ తప్పుతుంది.

మొదటి సీజన్లో మిగతావి

'అరీనా' చూసేటప్పుడు గోర్న్ అనే బల్లి మనిషి రబ్బరు సూటులో మెల్లగా నడుస్తుంటే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. లాస్ ఏంజెలిస్ దగ్గరి వాస్కెజ్ రాక్స్‌లో నిజమైన ఎండలో తీశారు, సెట్ల మధ్య నుంచి బయటపడి ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. చేతిలో ఏ ఆయుధమూ లేని కర్క్ గంధకం, బొగ్గు, సురేకారం వెతికి పట్టుకోవడం, ఏది దేనికి పనికొస్తుందో మనకన్నా కాస్త ముందు అతనికి తట్టడం, ఇందులో పట్టంతా అక్కడుంది.

'ది మెనాజరీ' రెండు భాగాలు. రెండూ వరస రాత్రుల్లో చూడండి, వారం ఎడమిస్తే చప్పబడుతుంది. ఒప్పుకోని పాత పైలట్ 'ది కేజ్'ని పారేయకుండా, దాని చుట్టూ స్పాక్ మీద కోర్టు విచారణ కథ అల్లారు. 1967లో దీనికి సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. 'ది కేజ్' ముందు చూశారంటే రెండో భాగంలో చాలా వరకు చూసిందే మళ్లీ చూస్తారు. కాబట్టి దాన్ని 22 అయ్యాక ఎప్పుడైనా తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక అసలు పంట. 1967 ఫిబ్రవరి 16 నుంచి ఏప్రిల్ 6 దాకా ప్రసారమైనవి ఈ సిరీస్‌కే శిఖరం. ఇక్కడ మాత్రం ప్రసారమైన వరుసలోనే పోవాలి. మార్చి 30న వచ్చిన 'ది ఆల్టర్నేటివ్ ఫ్యాక్టర్' ఒక్కటే అందులో తాలు, దాన్ని దాటేయండి.

'స్పేస్ సీడ్'లో ఖాన్ నూనియన్ సింగ్ వస్తాడు. 1966–67లో కూర్చుని 1990లను ఊహిస్తూ, 1992 నుంచి 1996 దాకా భూమిలో నాలుగో వంతుకు పైగా ఏలిన నియంత అని రాశారు. ఓడలోని చరిత్రకారిణి అతను ఉత్తర భారతదేశం వాడై ఉండాలి, బహుశా సిక్కు అంటుంది. వేసింది మాత్రం మెక్సికోలో పుట్టిన రికార్డో మొంటల్‌బాన్. మన కళ్లకి ఆ వేషం నప్పదు. కానీ భోజనాల బల్ల దగ్గర స్పాక్, కర్క్ కలిసి అతన్ని మాటలతో రెచ్చగొడుతున్నప్పుడు అతని ముఖం చూస్తే ఈ పాత్ర కోసం 1982లో ఏకంగా సినిమా ఎందుకు తీశారో తెలుస్తుంది.

'ఎ టేస్ట్ ఆఫ్ ఆర్మగెడ్డన్'లో రెండు గ్రహాలు కంప్యూటర్లతోనే 500 ఏళ్లుగా యుద్ధం చేస్తుంటాయి. లెక్కలో చనిపోయిన మనుషులు తమంతట తాము నడిచి వెళ్లి యంత్రంలోకి దూరి నిజంగా చనిపోతారు. భవనాలు చెక్కుచెదరవు. 'దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్'లో స్పాక్ చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడుతూ నవ్వుతాడు. 'ది నేకెడ్ టైమ్' చూసిన తర్వాత చూడండి, ఆ నవ్వు బాధపెడుతుంది.

'ది డెవిల్ ఇన్ ది డార్క్' రాసింది సిరీస్ నిర్మాత కూడా అయిన జీన్ కూన్. గని కార్మికులను చంపుతున్న ఏదో జీవి కోసం సొరంగాల్లో వేట. మొదటి ఇరవై నిమిషాలు మామూలు రాక్షస కథే అనిపిస్తుంది, అలా అనిపించాలనే రాశారు, అక్కడ ఆపేయకండి. జీవిని చూస్తే కార్పెట్ ముద్దలా ఉంటుంది. గాయపడిన దానికి వైద్యం చేయమంటే, రాతిలాంటి దాన్ని ఏం చేయను, "నేను డాక్టర్ని, తాపీ మేస్త్రీని కాను" అంటాడు మెక్‌కాయ్. అని, చివరికి కాంక్రీటు కలిపి కట్టు వేస్తాడు. అప్పుడు తన చేతులు చూసుకుని మురిసిపోయే ఆ ముఖం చూడండి. ఈ డాక్టరు వాదించేది పని ఎగ్గొట్టడానికి కాదని అక్కడ తేలుతుంది.

'ఎరాండ్ ఆఫ్ మెర్సీ'తో ఇంకో శత్రు జాతి క్లింగన్లు వస్తారు. ఆ తర్వాతే 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. పొరపాటున మందు ఎక్కువ డోసు ఎక్కి మతి చెడిన మెక్‌కాయ్ కాలద్వారం గుండా గతంలోకి దూకేస్తాడు. అతన్ని వెతుక్కుంటూ కర్క్, స్పాక్ 1930ల న్యూయార్క్‌కి వెళతారు. అది మాంద్యం రోజుల్లో అన్నదాన కేంద్రం నడిపే ఎడిత్ కీలర్ ఉండే చోటు. 1968లో హ్యూగో అవార్డు దీనిదే. మనం ఇన్ని వారాలు స్పాక్ లెక్క, మెక్‌కాయ్ జాలి మధ్య కర్క్ ఎలా ఊగుతాడో చూస్తూ వచ్చాం కదా, ఇక్కడ ఆ రెండూ అతన్ని చెరో వైపు లాగేస్తాయి. ఆ రాత్రికి ఇంకేమీ చూడొద్దు.

రెండో సీజన్: ఆరు

'అమోక్ టైమ్'తో మొదలవుతుంది సీజన్. స్పాక్ గ్రహం వల్కన్ మొదటిసారి కనిపిస్తుంది. వేళ్లు రెండు జతలుగా విడదీసే ఆ నమస్కారమూ ఇక్కడే మొదలు. యూదు పూజారులు ఆశీర్వదించే భంగిమ నుంచి స్పాక్ పాత్ర వేసిన లెనార్డ్ నిమోయ్ దాన్ని తీసుకున్నాడు. ఆ వెంటనే 'మిర్రర్, మిర్రర్', ఆపైన 'ది డూమ్స్‌డే మెషీన్'. గ్రహాలను మింగే యంత్రం, దాని వల్ల తన మనుషులందరినీ పోగొట్టుకున్న కమడోర్ డెకర్. దీన్ని కాస్త వాల్యూమ్ పెంచి చూడండి, సోల్ కప్లాన్ సంగీతం ఈ ఎపిసోడ్‌ని మోసుకెళుతుంది.

'జర్నీ టు బాబెల్'లో స్పాక్ తల్లిదండ్రులు ఓడ ఎక్కుతారు. తండ్రీకొడుకులు 18 ఏళ్లుగా సరిగ్గా మాట్లాడుకోలేదు. తండ్రి సారెక్‌గా మళ్లీ మార్క్ లెనార్డే, గుర్తుపెట్టుకోమన్నది ఈ ముఖమే. 'ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్' పూర్తిగా హాస్యం. ఇందులో సులు ఎందుకు లేడని వెతక్కండి, ఆ పాత్ర వేసే జార్జ్ టకేయ్ అప్పుడు వేరే సినిమా షూటింగ్‌లో ఉన్నాడు. అతని చోటు కొన్ని వారాలు చెకోవ్ అనే మరో అధికారి పాత్ర నింపింది. దీన్ని ఇంత ఆలస్యంగా పెట్టడానికి కారణముంది. కెప్టెన్ హుందాతనం మనకి అలవాటయ్యాకే అతని మీద ఆ బొచ్చు ముద్దలు వర్షంలా పడటం పండుతుంది.

'ది అల్టిమేట్ కంప్యూటర్' ఇప్పుడు చూస్తే 1968 నాటిదంటే నమ్మబుద్ధి కాదు. నాలుగు వందల పైచిలుకు సిబ్బంది చేసే పనిని ఒక్క యంత్రం చేస్తుంది, 20 మంది ఉంటే చాలంటారు. ఉద్యోగం పోయే మనిషి ముఖం ఎలా ఉంటుందో కర్క్ పాత్ర వేసిన విలియం షాట్నర్ ఇక్కడ చూపించినంత బాగా ఇంకెక్కడా చూపించలేదు.

మూడో సీజన్లో జాగ్రత్త

అభిమానుల ఉత్తరాల ఉద్యమంతో సిరీస్‌కి మూడో సీజన్ దక్కింది గానీ, శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టేశారు. ఖర్చు కోసేశారు. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ పక్కకు తప్పుకున్నాడు, జీన్ కూన్ అంతకు ముందే వెళ్లిపోయాడు. సీజన్ మొదలయ్యేదే 'స్పాక్స్ బ్రెయిన్'తో, స్పాక్ మెదడు దొంగతనం కథ అది. దాన్ని, 'అండ్ ది చిల్డ్రన్ షల్ లీడ్', 'ది వే టు ఈడెన్' లాంటివాటిని వదిలేయండి.

చూడాల్సినవి మూడు. 'ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్'లో రోములన్ ఓడకు కమాండర్ ఒక మహిళ. 'ది థోలియన్ వెబ్'లో కర్క్ మాయమైపోతాడు. స్పాక్, మెక్‌కాయ్ ఇద్దరే మిగిలి, మధ్యలో తీర్పు చెప్పేవాడు లేక ఒకరి మీద ఒకరు పడతారు. అతను వాళ్లిద్దరి కోసం రికార్డు చేసి పెట్టిన చివరి సందేశాన్ని వినే సీన్ ఇన్ని వారాలు చూసినందుకు దక్కే ఫలం. ఆఖరిది 'ఆల్ అవర్ యెస్టర్‌డేస్'. సూర్యుడు పేలిపోబోతున్న గ్రహంలో జనమంతా గ్రంథాలయం గుండా గతంలోకి వలసపోతారు. రాసిన జీన్ లిసెట్ అరోస్ట్ నిజంగానే లైబ్రేరియన్.

ఇక్కడితో ఆపేయండి. ప్రసారంలో చివరిదైన 'టర్న్‌అబౌట్ ఇంట్రూడర్' ముగింపు కథేమీ కాదు, సిరీస్ హఠాత్తుగా ఆగిపోయింది కాబట్టి అది చివరిదైంది, అంతే. పైగా ఆడవాళ్లు స్టార్‌షిప్ కెప్టెన్లు కాలేరన్న మాట దాని కథలోనే ఉంది. ఈ 22లో కూడా ఆడవాళ్ల పాత్రలు చాలాచోట్ల చిన్నబోతాయి, అది దాచాల్సిన పని లేదు. ఓడలో సమాచార అధికారిణి ఉహూరాగా చేసిన నల్లజాతి నటి నిషెల్ నికోల్స్ విసిగి మానేద్దామనుకుంటే, పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను ఆపాడు. ఆమె బ్రిడ్జి మీద ఆ కుర్చీలో కూర్చోవడమే 1966లో ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఆ సంగతి గుర్తుంచుకుని చూడాలి.

ఇంకా చూడాలనిపిస్తే

మిగిలిన 57లో ఏది చూడాలో తేల్చుకోవడానికి టైటిల్స్ తర్వాత వచ్చే రచయిత పేరు చూడండి. మొదటి రెండు సీజన్లలో జీన్ ఎల్. కూన్ అని ఉన్నా, ఎక్కడైనా డి.సి. ఫాంటానా అని ఉన్నా ధైర్యంగా కూర్చోవచ్చు. మూడో సీజన్లో 'లీ క్రోనిన్' అన్న పేరు కూడా కూన్‌దే, మారుపేరు. అప్పటికి ఆయన వెళ్లిపోయాడు, 'స్పాక్స్ బ్రెయిన్' ఆ పేరుతోనే వచ్చింది, కాబట్టి ఆ పేరును చూసి నమ్మకండి. జెరోమ్ బిక్స్‌బీ పేరుంటే చూడండి, 'డే ఆఫ్ ది డవ్' ఆయనదే.

సినిమాల్లో ముందు 1982 నాటి 'ది రాత్ ఆఫ్ ఖాన్', వెంటనే 1984 నాటి 'ది సెర్చ్ ఫర్ స్పాక్', ఆపైన 1986 నాటి 'ది వోయేజ్ హోమ్'. ఈ మూడూ ఒకే కథ. 1979 నాటి మొదటి సినిమా నిదానంగా సాగుతుంది, దాన్ని తర్వాత చూసినా ఫర్వాలేదు. ట్రిబుల్స్ నచ్చినవాళ్లు తర్వాతి స్టార్ ట్రెక్ సిరీస్ 'డీప్ స్పేస్ నైన్'లో 1996లో వచ్చిన 'ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్' వెతికి పట్టుకోండి. కొత్త నటులను 1967 నాటి ఫిల్మ్‌లోకే కలిపేశారు. పాత ఎపిసోడ్ చూసిన రెండు మూడు రోజుల్లోపే చూస్తే ఏ షాట్ పాతదో, ఏది కొత్తదో మీరే పట్టుకోగలరు.